వాపా, బలుపా?

(చెన్నై త్యాగరాయ నగర్‌లో ఒక ఆదివారం సాయంత్రం తెలుగువాళ్లు కలుసుకున్న సభలో ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. రెండుసార్లు వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. మైకు వినిపిస్తోందా? వెనకాల వాళ్లకి? సరే.

ముందు ఒక దిద్దుబాటు. ఇందాక నన్ను పరిచయం చేసిన బాబు ‘ఆర్థిక నిపుణులు’ అన్నాడు. నేను నిపుణుణ్ణి కానండి. ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేశాను. అందులో సగం కాలం అప్పులిచ్చే సీట్లో, మిగతా సగం ఇచ్చిన అప్పులు రాబట్టే సీట్లో. అంతకుముందు ఇక్కడే చెన్నైలో, చూలై అనే పేటలో మా నాన్నగారి చిల్లర కొట్లో పొట్లాలు కట్టాను. నాకు తెలిసిన నాలుగు ముక్కల్లో మూడు ఆ పొట్లాల దగ్గర నేర్చుకున్నవే.

ఇదిగో, చూపిద్దామనే తెచ్చాను. (పొడవాటి ఖాతా పుస్తకం ఒకటి పైకెత్తి చూపించారు.) మా కొట్టు ఖాతా పుస్తకం. 1981 నాటిది. అట్ట ఊడిపోతే మా అమ్మ పాత చీర ముక్కతో కుట్టింది. వీధిలో అరవై డెబ్భై ఇళ్ల పద్దులున్నాయి ఇందులో. పేర్లు చదవను, వాళ్ల మనవలు ఎవరైనా ఇక్కడే కూర్చుని ఉండొచ్చు. (నవ్వులు)

ఒక ఇంటి పేజీ మాత్రం చెప్తాను. ఆయన మిల్లులో పనిచేసేవాడు. జనవరిలో కాఫీ పొడి అరకిలో, కందిపప్పు రెండు కిలోలు, నెయ్యి అరకిలో, ఇలా నెల సరుకు ఒకేసారి రాసి ఉంది. తర్వాత మిల్లు లాకౌట్ అయింది. మొదట మాయమైంది నెయ్యి. కాఫీ పొడి పావుకిలో అయింది, తర్వాత వంద గ్రాములు, పక్కన ‘చికోరీ ఎక్కువ’ అని మా నాన్న చేతిరాత. కందిపప్పు ఉండాల్సిన చోట ఉలవలు వచ్చాయి. బియ్యం మాత్రం తగ్గలేదు. తగ్గకపోగా కాస్త పెరిగింది! కూర తగ్గితే అన్నం ఎక్కువ తింటాం కదా. ఇంకొకటి చూడండి. జనవరిలో ఆ పేజీలో నాలుగే పద్దులు. ఆగస్టుకి వచ్చేసరికి రోజూ ఒకటో రెండో. పావలాకి పంచదార, అర్ధరూపాయికి నూనె. కొట్టు ముందు ఎప్పుడు చూసినా జనం. నేను చిన్నవాణ్ణి, బేరం బాగుందనుకున్నాను. మా నాన్న గల్లాపెట్టె మూసి ‘బేరాలు పెరిగాయిరా, బేరం తగ్గింది’ అన్నాడు.

ఇవాళ నాకిచ్చిన విషయం ఏంటంటే, జనం పెట్టే ఖర్చు పెరిగితే దేశం ఆరోగ్యంగా ఉన్నట్టా అని. పేపర్లో మూడు నెలలకోసారి వస్తుంది చూడండి, వినియోగ వ్యయం ఇంత శాతం పెరిగింది, ఆర్థిక వ్యవస్థ పుంజుకుంది అని. మనవాళ్లు వాపు చూసి బలుపు అనుకోవద్దంటారు. వాచినా ఒళ్లు పెరుగుతుంది, బలిసినా పెరుగుతుంది. తూకం వేసే యంత్రానికి తేడా తెలియదు. నొక్కి చూడాలి. ఈ లెక్కల్ని ఎక్కడ నొక్కాలో నాకు తెలిసినంత చెప్తాను.

అసలు దీన్ని ఎందుకు చూస్తారంటే, కారణం పెద్దదే. మన దేశ జీడీపీ, అంటే ఏడాదిలో దేశంలో తయారైన సరుకూ సేవల మొత్తం విలువ, వంద రూపాయలనుకుంటే అందులో అరవై రూపాయల దాకా ఇళ్లవాళ్లు పెట్టే ఖర్చు. అమెరికాలో అరవై ఎనిమిది దాకా ఉంటుంది, చైనాలో నలభైకి అటూ ఇటూ. మన దగ్గర జనం జేబులోంచి చెయ్యి తీయకపోతే బండి కదలదు. ఇక్కడికి రెండు వీధుల అవతల రంగనాథన్ వీధి ఉంది. అక్కడ మీరు పది రూపాయలకి కొన్న జడ క్లిప్పు, దాన్ని అమ్మిన అబ్బాయికి సాయంత్రం ఇడ్లీ. ఆ ఇడ్లీ పెట్టిన ఆవిడకి అది రేపటి మినప్పప్పు. అంతవరకు ఎవరూ కాదనరు.

కానీ ఒక మాట అడుగుతాను. మూడు నెలలకోసారి ఈ అంకె వస్తుంది కదా, మీ ఇంటికి ఎవరైనా వచ్చి ఈ మూడు నెలల్లో ఎంత ఖర్చు పెట్టారని అడిగారా? చెయ్యెత్తండి. ఒక్కరూ లేరు. అడగరు కూడా. దేశంలో ఎంత సరుకు తయారైంది, దిగుమతి ఎంత వచ్చింది అని కలుపుతారు. అందులోంచి ఎగుమతైంది తీసేస్తారు, ఫ్యాక్టరీలు ముడిసరుకుగా వాడుకున్నది తీసేస్తారు, ప్రభుత్వం వాడింది, పెట్టుబడికి పోయింది తీసేస్తారు. మిగిలిందంతా జనం తిన్నట్టు, కట్టినట్టు, వాడినట్టు. అంటే మన ఖర్చు ఆ పుస్తకంలో నేరుగా రాసిన పద్దు కాదు, కూడికలు తీసివేతలు అయ్యాక అడుగున తేలిన అంకె. తప్పు పద్ధతి అనడం లేదు, చాలా దేశాల్లో ఇలాగే చేస్తారు. అడుగున తేలిన అంకె గనక పైన ఏది మారినా ఇది మారుతుంది, అంతే.

2023-24 సంగతి చూడండి. 2024 మే నెలాఖరున తాత్కాలిక అంచనా వచ్చినప్పుడు జీడీపీ 8.2 శాతం పెరిగిందన్నారు. జనం ఖర్చు పెరిగింది మాత్రం 4 శాతమే అన్నారు. రెండింటి మధ్య అంత ఎడం ఏంటని గొడవ జరిగింది. 2025 ఫిబ్రవరిలో సవరించారు. జీడీపీ 9.2 అయింది, ఖర్చు 5.6 అయింది. ఆ మధ్య తొమ్మిది నెలలూ ‘జనం ఖర్చు పెట్టడం లేదు’ అని రాసిన వ్యాసాలు నేనూ చదివాను, తలూపాను. అందుకే ఈ అంకె కొత్తగా వచ్చినప్పుడు దాన్ని పచ్చి అంకెగానే చూడండి. ఆ తర్వాత 2024-25లో తిరగబడింది, జీడీపీ 6.5, ఖర్చు 7.2 అన్నారు. ఒక ఏడాది మంచం పట్టాడన్నవాణ్ణి మరుసటి ఏడాది పహిల్వాన్ అన్నారు.

ధరల సంగతి త్వరగా చెప్పేస్తాను, మీ అందరికీ తెలిసిందే. ఖర్చు పెరిగిందంటే ఎక్కువ కొన్నామా, ఎక్కువిచ్చి అంతే కొన్నామా? ధరల పెరుగుదల తీసేసి లెక్క కడతారు, నిజమే. కానీ అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఉంది చూడండి, దాని ధర ఏళ్ల తరబడి అయిదే. లోపల గ్రాములు తగ్గుతూ పోతాయి. ఈ చిన్న ప్యాకెట్ తెలివికి మన తమిళనాడే పుట్టిల్లులాంటిది. కడలూరులో చిన్నికృష్ణన్ గారు సాచెట్ మొదలుపెట్టారు, 1983లో వాళ్లబ్బాయి రంగనాథన్ గారు చిక్ షాంపూ తెచ్చారు. సీసా కొనలేని ఇంటికి షాంపూ చేరింది. మంచిదే. అయితే కంపెనీవాళ్ల లెక్కలు వచ్చినప్పుడు అమ్మకం రూపాయల్లో ఎంత, టన్నుల్లో ఎంత అని రెండూ ఉంటాయి. రూపాయలు ఎనిమిది శాతం పెరిగి టన్నులు రెండు శాతమే పెరిగాయంటే, మిల్లు కార్మికుడి ఆగస్టు పేజీ మళ్లీ తెరుచుకున్నట్టే నాకు అనిపిస్తుంది.

పండగ అమ్మకాల వార్తలంటే మాత్రం నాకు బొత్తిగా నమ్మకం లేదు. దీపావళి 2024లో అక్టోబరు 31న వచ్చింది, 2025లో అక్టోబరు 20న, 2023లో ఏమో నవంబరు 12న. పండగ ఇటు జరిగితే ఒక నెల అమ్మకాలు ఎగురుతాయి, పక్క నెల పడతాయి. దానికి ఒకరు పండగ చేసుకుంటారు, ఒకరు ఏడుస్తారు. ఇక మన పానగల్ పార్కు చుట్టూ ఆడి తళ్లుబడి, అంటే ఆడి నెల డిస్కౌంటు అమ్మకాల సంగతి మీకు చెప్పాలా? ఆడి నెలలో ఈ తమిళులు పెళ్లిళ్లు చేయరు, కొట్లు ఈగలు తోలుకోవాల్సిన నెల. డిస్కౌంటు పెట్టి దాన్ని పెద్ద సీజన్‌గా మార్చారు. అందులో లాభం మనది! మన ఆషాఢం అయిపోయి శ్రావణం వచ్చినా వీళ్లకి ఇంకా ఆడి నడుస్తూనే ఉంటుంది. మా ఇంట్లో రెండు శ్రావణ మాసపు పెళ్లిళ్లకి చీరలన్నీ ఆడి ధరకే కొన్నాం. (నవ్వులు) మేం అప్పుడు కొన్నాం గనక దీపావళికి కొనలేదు. ముందుకు జరిగిన ఖర్చది, పెరిగిన ఖర్చు కాదు.

అసలు నొక్కి చూడాల్సిన చోటు ఇక్కడుంది. దేనికి ఖర్చు పెట్టాం?

2019 ఎండాకాలం గుర్తుందా? పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం, ఈ ఊరికి నీళ్లిచ్చే నాలుగు చెరువులూ నెర్రెలు విచ్చాయి. మన ఆంధ్ర వైపునుంచి, కండలేరు జలాశయం నుంచి పూండికి కృష్ణ నీళ్లు రావాలి. 1983లో ఒప్పందం, 1996లో మొదటిసారి నీళ్లు. ఆ ఎండాకాలం దాన్నుంచీ ఆసరా దొరకలేదు. జూలైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెప్పించారు. మా అపార్ట్‌మెంట్‌లో పదహారు ఇళ్లు. బోరులోంచి ఏప్రిల్‌కే గాలి వచ్చింది. పన్నెండు వేల లీటర్ల లారీ అంతకుముందు 1,800 ఇచ్చేవాళ్లం. జూన్ వచ్చేసరికి 4,500, అదీ ముందు డబ్బు కడితే, నాలుగు రోజులకి, రాత్రి రెండు గంటలకి. ఆ లెక్కలు చూసింది నేనే. లారీ వచ్చిందని ఫోన్ వస్తే లుంగీ మీదే కిందికి పరుగెత్తేవాణ్ణి. డ్రైవరు గొట్టం సంపులో పెట్టాక నేను టార్చి పట్టుకుని లోపల నీళ్లెంత ఎత్తు లేచాయో కర్రతో కొలిచేవాణ్ణి. కర్రకి సుద్దముక్కతో గీతలు. మూడో అంతస్తావిడ పైనుంచి ‘నిండిందా అన్నయ్యగారూ?’ అని అడిగేది. నిండలేదని చెప్పడానికి నోరు రాక ‘వస్తున్నాయమ్మా’ అనేవాణ్ణి.

ఆ నాలుగు నెలల్లో ఒక్కో ఇల్లు నీళ్లకి పెట్టిన ఖర్చు అంతకుముందు ఏడాది మొత్తానికి పెట్టినదానికంటే ఎక్కువ. అది వినియోగ వ్యయమే. లెక్కల పుస్తకంలో మా ఖర్చు పెరిగింది. ధర పెరిగిన భాగాన్ని తీసేస్తారు, కాదనను. కానీ బోరులోంచి దాదాపు ఉచితంగా వచ్చేది లారీలో కొనుక్కున్నప్పుడు, ఆ కొన్న నీళ్లు కొత్త ఖర్చే కదా? క్యాన్ల వ్యాపారం, లారీల వ్యాపారం, డీజిల్, అన్నీ పెరిగాయి. మేం మాత్రం రెండు రోజులకోసారి స్నానం చేశాం.

2015 డిసెంబరు వరద కూడా అంతే. నీళ్లు తీశాక వీధివీధంతా ఫ్రిజ్‌లు, పరుపులు, మిక్సీలు మళ్లీ కొన్నాం. షోరూములు కిటకిట. మునిగిపోయిన ఫ్రిజ్‌ని ఏ పద్దులోనూ తీసివేయరు, కొత్త ఫ్రిజ్‌ని మాత్రం కలుపుతారు. ఆసుపత్రి బిల్లూ అంతే, స్కూలు ఫీజూ అంతే. ఇంట్లో పెద్దాయన పది రోజులు ఐసీయూలో ఉంటే ఆ ఇంటి వినియోగం మూడింతలవుతుంది.

ఇక దేంతో ఖర్చు పెట్టాం అన్నది. ఇది నా సీటు.

బ్యాంకులో పనిచేసినవాళ్లని ఎవరినైనా అడగండి, జూన్ నెల అంటే బంగారం అప్పుల నెల. స్కూళ్లు తెరుస్తారు. పొద్దున్నే కౌంటర్ ముందు ఆడవాళ్లు, చేతిలో చిన్న పర్సు, పర్సులో రుమాలు, రుమాల్లో గాజులు. అప్రైజర్ గీటురాయి మీద గీసి, తూకం వేసి, కవర్లో పెట్టి సీలు వేస్తాడు. ఒకావిడ ఏటా జూన్‌లో అవే నాలుగు గాజులు తెచ్చేది, సంక్రాంతి ముందు విడిపించుకునేది. కవరు మీద నంబరు చూడకుండానే గాజులు గుర్తుపట్టేవాణ్ణి, ఒకదానికి చిన్న నొక్కు ఉండేది. ఆ ఇంట్లో పిల్లలు మంచి స్కూల్లో చదివారు, ఫీజు టైముకి కట్టారు. లెక్కల్లో అది వినియోగం పెరగడం. నా లెడ్జర్లో అది తాకట్టు.

దీంట్లో ఇంకో మెలిక ఉంది. మా రోజుల్లో బంగారం విలువలో 75 శాతం దాకా అప్పిచ్చేవాళ్లం. 2019లో గ్రాము మూడు వేల చిల్లర. 2025 దీపావళి నాటికి ఇరవై రెండు కారట్లు పదకొండు వేలు దాటింది. గాజులు అవే, నొక్కు అదే, ఆవిడ జీతం పెద్దగా పెరగలేదు, అప్పు మాత్రం మూడింతలు పుడుతుంది. ఆ డబ్బు బజార్లోకి వస్తే ఖర్చు పెరిగిందంటారు. మీరే చెప్పండి, అది ఆరోగ్యమా?

ఇది నా కౌంటర్ ముచ్చట ఒక్కటే కాదు. దేశం మొత్తం మీద ఇళ్లవాళ్లు అప్పులు పోను నికరంగా దాచుకునేది, జీడీపీలో చూస్తే, 2020-21లో 11 శాతం దాటింది. కరోనా వల్ల బయటికి పోలేదు, ఖర్చు లేదు, దాచారు. 2022-23కి అది 5 శాతం దగ్గరకి పడిపోయింది. అప్పు చేసి ఇళ్లు కొన్నవాళ్లూ ఉన్నారు, ఇల్లు కొనడం వినియోగం కింద రాదు, ఆస్తి అది, దానికి నేను బాధపడను. కానీ తాకట్టు లేని అప్పులు, క్రెడిట్ కార్డులు, ఫోన్లో నొక్కితే వచ్చే లోన్లు ఎంత వేగంగా పెరిగాయంటే, 2023 నవంబరులో రిజర్వు బ్యాంకే బ్రేకు వేసింది. తాకట్టు లేని వ్యక్తిగత అప్పుల మీద రిస్కు వెయిట్ 100 నుంచి 125కి, బ్యాంకుల క్రెడిట్ కార్డు బాకీల మీద 125 నుంచి 150కి పెంచింది. మామూలు మాటల్లో, ఈ అప్పులిస్తే మీ సొంత డబ్బు ఇంకొంచెం ఎక్కువ పక్కన పెట్టుకోండి అని బ్యాంకులకి చెప్పడం. కొద్ది నెలలకే కొన్ని కంపెనీలు సిటీల్లో అమ్మకాలు మందగించాయని చెప్పడం మొదలుపెట్టాయి. ఒక్క కారణం వల్లే అని నేననను. కానీ అప్పు కుళాయి కాస్త బిగిస్తేనే తగ్గిన ఖర్చు, జీతంలోంచి వచ్చిన ఖర్చు కాదు కదా.

మరీ భయపెడుతున్నానేమో. మంచి సంగతీ ఉంది. ఇందాక ఇంటికి వచ్చి ఎవరూ అడగరన్నాను. నిజానికి అడిగే సర్వే ఒకటుంది, అది మూడు నెలలకోసారి కాదు, అంతే. 1950లో స్టాటిస్టిక్స్ పండితుడు మహలనోబిస్ గారు మొదలుపెట్టిన నేషనల్ శాంపిల్ సర్వే. ఆయన దగ్గర పనిచేసి పైకొచ్చిన మన సి.ఆర్.రావు గారు ప్రపంచానికే స్టాటిస్టిక్స్ నేర్పారు, ఆ గర్వం మనకుండాలి. ఆ సర్వేవాళ్లు ఇంటికొచ్చి బియ్యం ఎంత, పాలు ఎంత, చెప్పులు ఎప్పుడు కొన్నారు అని ఓపికగా అడుగుతారు. 2017-18లో చేసిన సర్వే ఫలితాలని, డేటా నాణ్యత బాగాలేదని ప్రభుత్వం విడుదల చేయలేదు. దాంతో 2011-12 తర్వాత మళ్లీ 2022-23 దాకా చీకటే. పదకొండేళ్లు పల్లె ఇంటి పద్దు తెలియకుండా దేశం నడిపాం.

2022-23లో పల్లెల్లో మనిషికి నెలకి సగటు ఖర్చు 3,773 రూపాయలు, పట్నాల్లో 6,459. పల్లెల్లో 2011-12లో అది 1,430. రెండున్నర రెట్లు దాటింది, అబ్బో అనిపిస్తుంది. ధరలు తీసేసి చూస్తే పెరిగింది 40 శాతం. పదకొండేళ్లకి. తమిళనాడు పల్లెల్లో 5,310, ఆంధ్ర పల్లెల్లో 4,870, దేశ సగటుకంటే రెండూ పైనే. నాకు నచ్చిన అంకె వేరే ఉంది. పల్లెల్లో వంద రూపాయల ఖర్చులో తిండికి పోయేది 53 నుంచి 46కి తగ్గింది. బియ్యం, గోధుమలాంటి ధాన్యాలకి పోయేది అయిదు రూపాయల లోపే. జర్మనీలో ఎంగెల్ అనే ఆయన 1857లోనే చెప్పాడు, ఇల్లు బాగుపడే కొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని. రేషన్ బియ్యం ఉచితం గనక ధాన్యం వాటా తక్కువ కనిపిస్తోంది, ఆ మాటా నిజమే. కానీ పాలు, పళ్లు, గుడ్లు పెరిగాయి. మా నాన్న పుస్తకంలో ఉలవలు పోయి కందిపప్పు తిరిగొచ్చినట్టు. దీన్ని బలుపు అనడానికి నాకు అభ్యంతరం లేదు.

టైం అయిందని చీటీ పంపారు. ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ఒక యువకుడు: సార్, ఇన్ని లెక్కలు చూడలేం. ఒక్కటే చూడమంటే ఏది చూస్తారు?)

టూవీలర్లు చూస్తాను బాబూ. కార్లు కాదు. చిన్న కార్లు పడిపోయి పెద్ద కార్లు పెరుగుతుంటే అమ్మకాల విలువ పెరుగుతూనే ఉంటుంది. బైకు కొనేవాడు పాల డిపో పెట్టినవాడు, ఎలక్ట్రీషియన్, కొత్తగా ఉద్యోగం దొరికిన పిల్లవాడు. 2018-19లో దేశంలో రెండు కోట్ల పది లక్షల దాకా అమ్ముడయ్యాయి. 2024-25లో ఒక కోటి తొంభై ఆరు లక్షలు. ఆరేళ్లలో జనాభా పెరిగింది, జీడీపీ ఎంతో పెరిగింది, బైకులు మాత్రం అప్పటికీ పాత గీత అందుకోలేదు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ తగ్గించారు, ఆ ఊపు నిలబడుతుందా లేదా అని చూస్తున్నాను.

(ఇంకొకరు: ఖర్చు పెడితే దేశానికి మంచిది, దాచుకుంటే ఇంటికి మంచిది అంటారు. మేం ఏది చేయాలి?)

ఇంగ్లండు ఆర్థికవేత్త కీన్స్ 1936లోనే ఈ చిక్కు గురించి రాశాడు. అందరూ ఒకేసారి దాచుకుంటే ఎవరి ఆదాయమూ మిగలదు. 2020 ఏప్రిల్ నుంచి జూన్ దాకా చూశాం కదా, ఇష్టంతోనో లాక్‌డౌన్‌తోనో అందరం ఆపేశాం, ఖర్చు నాలుగో వంతు పడిపోయింది. అయినా దేశం కోసం మీరు చీర కొనక్కర్లేదండీ. జీతం పెరిగితే ఎవరూ చెప్పకుండానే కొంటారు. పెరగనప్పుడు కొనిపించాలని చూస్తేనే చిక్కంతా.

(వెనక వరసలోంచి ఒక పెద్దావిడ: అయ్యా, ఇంత లెక్క ఎందుకు? మా ఇంట్లో నూనె ప్యాకెట్ చూస్తే తెలిసిపోతుంది.)

ఎలాగమ్మా? మైకు అటివ్వండి ఆవిడకి.

(అదే ఆవిడ: ఇదివరకు నెలకి మూడు ప్యాకెట్లు కొనేదాన్ని. ఇప్పుడూ మూడే కొంటున్నాను. కాకపోతే మా ఇంట్లో నెలకి ముప్పై అయిదు రోజులు. — నవ్వులు)

ఉండండమ్మా, రాసుకుంటున్నాను.